ఐదో కొక్కెం

దగ్గరికి జరగండి. భగవంతుణ్ణి తలుచుకునే చెబుతున్నాను, ఇందులో నా కల్పన ఏమీ లేదు. ఇది జరిగిన పిల్ల మేనత్తే చెప్పింది నాకు.

ఆ పశువుల ఆసుపత్రిలో, నడవా చివరి ఎక్స్‌రే గదికి చెడ్డ పేరుంది. పొద్దుగూకితే కుక్కలు కూడా ఆ గుమ్మం తొక్కవు... గొలుసు పట్టి లాగినా సరే! ముప్పై ఏళ్ళు అక్కడ పనిచేసి పోయిన పెద్ద నర్సమ్మ ఇంకా డ్యూటీ దిగలేదంటారు.

ఈ పిల్ల అక్కడే పశువుల నర్సింగు చదువుతోంది. తెల్లారితే ఎక్స్‌రే ప్రాక్టికల్. ఒకసారి తప్పింది. ఎందుకనుకున్నారు? కుడి కాలో ఎడమ కాలో తెలిపే సీసపు అక్షరాన్ని కాలి పక్కన పెట్టడం మరిచిపోయి!

"అది లేకపోతే డాక్టరు మంచి కాలు కోస్తాడే తల్లీ! ఈసారీ తప్పావో, సీటే పోతుంది," అంది మేనత్త ఫోన్లో.

మిగతావాళ్ళంతా జతలుగా సాధన చేస్తున్నారు. ఒకరు చేస్తూ పైకి చెప్పాలి, ఒకరు తప్పులు పట్టాలి. పదిహేను మందిలో జతలు కడితే మిగిలింది ఈ పిల్లే.

"నువ్వు గోడకి చెప్పుకోవే!" అని నవ్వారు.

గోడకే చెప్పుకుందామని, రాత్రి డ్యూటీలో ఉన్న అక్కని తాళం అడిగి తెచ్చుకుని ఒక్కతే వెళ్ళింది.

ముందు కొక్కేలకున్న, ఎక్స్‌రే కిరణాలు ఒంటికి తగలకుండా కాపాడే సీసపు ఏప్రన్లు లెక్కపెట్టాలి. ఐదు. మిషను వేసేటప్పుడు గదిలో ఎంతమందుంటే అందరూ ఒక్కోటి తొడుక్కోవాలి, అదీ రూలు. తనొకటి తొడుక్కుంది. బొమ్మ కుక్కని బల్ల మీద పడుకోబెట్టింది. ఇసుక సంచులు ఆనించి, మిషను లైటు కాలి మీదికి తిప్పింది.

"ఇప్పుడు... ఎక్స్‌పోజర్!" అంది పైకి, మిషను మీట నొక్కబోతూ.

"ఏ పక్కమ్మా?"

వెనక నుంచి... గుసగుస.

పారిపోదామంటే కాళ్ళు కదిలితేగా! చెయ్యి మాత్రం దానంతటదే వెళ్ళి అక్షరం తీసి పెట్టింది.

"కు... కుడి పక్క."

"ఊఁ... మళ్ళీ."

మళ్ళీ చేసింది. మళ్ళీ మరిచింది. మళ్ళీ అదే గుసగుస — విసుగు లేదు, కోపం లేదు. తాళమిచ్చిన అక్కే వచ్చి నిలబడిందేమో అనుకుని గుండె చిక్కబట్టుకుంది... కానీ వెనక్కి తిరగలేదు.

ఆరోసారి మరవలేదు. వెనక నుంచి ఎవరూ అడగలేదు.

ఏప్రన్ విప్పి తగిలించి, అలవాటుగా లెక్కపెట్టింది. ఒకటి... రెండు... మూడు... నాలుగు...

ఐదో కొక్కెం ఖాళీ.

పరుగు! గుమ్మం దాకా ఒకటే పరుగు. అక్కడ... ఎందుకో ఆగింది. తల తిప్పకుండానే అంది —

"పరీక్ష పదింటికి... ఈ గదిలోనే. ఉంటారుగా అమ్మా?"