ఒకినె కోసం నాలుగు పేర్లు

మధ్యాహ్నం బడిలో తాగిన పాల సీసాలు ఇంకా ట్రేలోకి చేరకముందే రిత్సుకో లైబ్రరీలోకి దూసుకొచ్చింది. పాత పుస్తకాలు పారేస్తున్నారని అప్పుడే తెలిసింది. కిటికీ కింద ఒక అట్టపెట్టె ఉంది. అందులో అన్నిటికన్నా పైన 'పడవ ఒకినె' ఉంది.

"దీన్ని ఇందులో ఎందుకు పడేశారు మాస్టారూ?"

లైబ్రరీ చూసుకునే ఇవాసే మాస్టారు ఓపిగ్గా చెప్పారు. కొత్త పుస్తకాలు వస్తున్నాయి, అరల్లో చోటు లేదు. ఈ ఏడాది కనీసం ఐదుగురైనా చదవని పుస్తకాలు తీసేయమని హెడ్మాస్టరు గారి ఆర్డరు. ఈ పుస్తకం కార్డు మీద ఆరు వరసల్లోనూ ఒకే పేరుంది. అది రిత్సుకోదే.

"ఆరుసార్లు చదివాను. ఐదు కంటే ఆరు ఎక్కువే కదా?"

మాస్టారు నవ్వు ఆపుకున్నారు. "ఐదుసార్లు కాదమ్మా, ఐదుగురు. శనివారంలోగా ఇంకో నలుగురితో చదివించు. నేనే దాన్ని అరలో పెడతాను."

ఆ పుస్తకంలో ఒకినె ఒక పడవవాడి కూతురు. పన్నెండేళ్లది. అవతలి ఒడ్డున జ్వరాలు వచ్చాయని, అక్కడివాళ్లని నది దాటించొద్దని ఊరిపెద్ద చాటింపు వేయిస్తాడు. ఒకినె మాట వినదు. వాన్లో తెడ్డు పట్టుకుని ఒక్కొక్కరినీ ఇవతలికి చేరుస్తుంది. క్షమాపణ చెప్పమని ఊరంతా చుట్టూ చేరితే, "నేను తప్పు చెయ్యలేదు" అని అలాగే నిలబడుతుంది. ఆ పేజీ వచ్చినప్పుడల్లా రిత్సుకో కూడా తెలియకుండానే లేచి నిలబడేది. అలాంటి పిల్లని చెత్తలో పడేస్తామంటే ఊరుకుంటుందా?

ఆ రోజే క్లాసులో అందరినీ అడిగింది. అడగడమంటే ఏముంది, గదమాయించింది. గెంటా అట్ట చూసి, "దీన్ని చూస్తేనే తుమ్ములొస్తున్నాయి" అన్నాడు. బొమ్మలు లేవని ఇంకొకరు పెదవి విరిచారు. వెనక బెంచీలో కూర్చునే చిహరు మాత్రం, ఒకినె పడవలో చుక్కల్ని చూసి దారి పట్టేదా అని అడిగింది. చిహరుకి నక్షత్రాలంటే పిచ్చి.

"నీకు చుక్కలు తప్ప ఇంకేమీ కనబడవా? మీలాంటి మొద్దులకి ఒకినె ఎందుకు?" అని రిత్సుకో పుస్తకం లాక్కుని వెళ్లిపోయింది.

సరే, వీళ్లు చదవకపోతే నాకేం, అనుకుంది. లైబ్రరీ డ్యూటీ ఆ వారం ఆమెదే. కార్డు మీద నాలుగు పేర్లు తనే రాసేసింది, ఒక్కో పేరు ఒక్కో రకం దస్తూరీతో. ముగ్గురు చదివి తిరిగి ఇచ్చేసినట్టు తేదీలు వేసింది. నాలుగోది చిహరు పేరు. పుస్తకం అరలో ఉంటే మళ్లీ పెట్టెలోకి పోతుందేమోనని తన సంచిలోనే దాచుకుంది కాబట్టి, చిహరు పేరు పక్కన తిరిగి ఇచ్చిన తేదీ వెయ్యలేదు. హెడ్మాస్టరుకి బాగా అయిందనుకుంది. తప్పు చేశానన్న ఆలోచన రానే లేదు.

గురువారం నక్షత్రాల పుస్తకం వచ్చింది. చిహరు దానికోసం మూడు వారాలుగా ఎదురుచూస్తోంది. ఆమె చెయ్యి చాచగానే, ఇవాసే మాస్టారు కార్డులు చూసి తల అడ్డంగా ఆడించారు. ఒకరికి ఒక పుస్తకమే. ముందు తీసుకున్నది తెచ్చివ్వాలి.

"నేనేమీ తీసుకోలేదు మాస్టారూ."

మాస్టారు కార్డు చూపించారు. పేరు స్పష్టంగా ఉంది. వెనక లైన్లో ఉన్నవాళ్లు గుసగుసలాడారు. పుస్తకం పోగొట్టి ఉంటుందని ఒకరన్నారు. గెంటా అయితే, "ఒప్పేసుకో, అందరం త్వరగా వెళ్లొచ్చు" అన్నాడు. మాస్టారు కూడా మెత్తగానే చెప్పారు, పోతే పోయింది, పొరపాటైందని ఒక్క మాట చెబితే చాలు, నక్షత్రాల పుస్తకం ఇచ్చేస్తాను అని.

చిహరు క్లాసులో ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు. చెవులు ఎర్రబడ్డాయి. కానీ తల మాత్రం దించలేదు.

"ఆ పుస్తకం వద్దు మాస్టారూ. నేను చెయ్యని పనికి పొరపాటైందని చెప్పను."

బల్ల వెనక స్టాంపు పట్టుకుని ఉన్న రిత్సుకో చిహరు వైపే చూసింది. ఆరుసార్లు చదివిన పేజీ కళ్ల ముందే జరుగుతోంది. చుట్టూ జనం, మధ్యలో తల వంచని పిల్ల. మరి ఈ కథలో తను ఎవరు? ఒకినె కాదు. ఒకినె పక్కన నిలబడినవాళ్లలో కూడా లేదు.

సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"తను తియ్యలేదు మాస్టారూ. నేను రాశాను. నాలుగు పేర్లూ నేనే రాశాను."

రిత్సుకోకి పారిపోవాలనిపించింది. పారిపోలేదు. చిహరు వైపు తిరిగి నడుము వంచి, క్షమించమని అడిగింది. చిహరు వెంటనే క్షమించలేదు. మాస్టారు ఇచ్చిన నక్షత్రాల పుస్తకం గుండెకి హత్తుకుని, "నన్ను అడిగి ఉంటే చదివేదాన్ని. నువ్వు తిట్టావు" అని వెళ్లిపోయింది.

ఇవాసే మాస్టారు రిత్సుకోని వారం పాటు డ్యూటీ నుంచి తప్పించారు. రాసిన పేర్లు ఆమెతోనే కొట్టించారు. శనివారం వచ్చింది, ఎవరూ చదవలేదు, 'పడవ ఒకినె' పెట్టెలోకే పోయింది. రిత్సుకో ఎంత వాదించినా ఆయన వినలేదు. అయితే, తీసేసిన పుస్తకాలు ఎవరైనా ఇంటికి పట్టుకెళ్లొచ్చని చెప్పి, లోపలి పేజీ మీద రద్దు ముద్ర వేసి ఆమె చేతిలో పెట్టారు.

ఇక ఒకినె పూర్తిగా తనదే. ఇంటికి తీసుకెళ్లి పరుపు కింద దాచుకోవచ్చు. ఎవరి తుమ్ములూ దాని మీద పడవు.

బడి అయ్యాక పిల్లల్ని దీవిలోని ఇళ్లకి చేర్చే పడవ ఇంకా రేవుకి రాలేదు. గెంటా, చిహరు, ఇంకో ఐదారుగురు సిమెంటు గట్టు మీద కాళ్లు ఊపుతూ కూర్చున్నారు. రిత్సుకో కాసేపు దూరంగా నిలబడింది. తర్వాత దగ్గరికొచ్చి అడిగింది.

"పడవ వచ్చేదాకా మొదటి అధ్యాయం చదవనా? వద్దంటే ఆపేస్తాను."

గెంటా భుజాలు ఎగరేశాడు. ఎవరూ వద్దనలేదు. రిత్సుకో చదివింది. గాలికి పేజీలు ఎగురుతుంటే బొటనవేలితో నొక్కిపట్టి చదివింది. ఊరిపెద్ద చాటింపు దగ్గర గెంటా కాళ్లు ఊపడం మానేశాడు. ఒకినె పడవ తాడు విప్పే చోటికి వచ్చేసరికి, చిహరు ఉన్నట్టుండి అడ్డొచ్చింది.

"మీ ఒకినెకి బుర్ర లేదు. పట్టపగలు అందరూ చూస్తుండగా ఎవరైనా వెళతారా? నేనైతే అలా చెయ్యను."

రిత్సుకోకి ముక్కు పుటాలు అదిరాయి. ఒకినెని ఎవరూ అంత మాట అనలేదు. నాలుక చివరిదాకా వచ్చిన తిట్టుని మింగేసింది. వేలు పేజీలో ఉంచి పుస్తకం మూసింది. చిహరు పక్కన గట్టు మీద చతికిలబడింది.

"మరి నువ్వైతే ఏం చేస్తావు? చెప్పు, వింటాను."