వేళ్లున్న బహుమతి

పని మొదలయ్యేనాటికి గూఢచారి ఉసామి చేతిలో ఉన్నవి మూడే. జపాన్‌లో కోబె ఆసుపత్రి కింద పళ్లూ పూలూ అమ్మే దొంగ కొట్టు, మత్తుమందు నింపిన పూల స్ప్రేయర్, ఆరో అంతస్తులో కేన్సర్‌తో మూలుగుతున్న అక్క తొమీ. మూడోదాన్ని పందెంలో పెట్టడం అతనికి ఇష్టం లేదు. కానీ అది అప్పటికే పందెంలో ఉంది.

నారింజపండులో దాచిన రేడియోలో చీఫ్ కుజె గొంతు వినిపించింది.

"మార్ఫిన్ వాడితే కేన్సర్ పెరుగుతుందా, ఒళ్లంతా పాకుతుందా అని పైన పరీక్ష నడుస్తోంది. రోగుల రక్తం సీసాలు ఈ మధ్యాహ్నం తెరుస్తారు. ఈలోగా ఒక విదేశీ ముఠా వాటి బదులు దొంగ సీసాలు పెట్టబోతోంది. పెరుగుతుందని తేలితే వాళ్ల కొత్త నొప్పి మందుకు గిరాకీ."

"తేలకముందే పుకారు లేపారు కదండీ! మా అక్క నొప్పితో పళ్లు కొరుక్కుంటోంది గానీ మార్ఫిన్ ముట్టట్లేదు."

"ఆ సీసాలు బహుమతిలో దాచి పంపేది సయొకో, ఆ రెండువైపుల గూఢచారి."

"మన సయొకోనా, వాళ్ల సయొకోనా?"

"అది నాకూ తెలీదయ్యా."

చూడవచ్చేవాళ్ల వేళ అయింది. వందల బుట్టలు, గుత్తులు. దొంగ సీసాలు దేంట్లోనైనా ఉండొచ్చు. ఉసామి ఒక్కో చేతినీ చూస్తూ పోయాడు.

బూడిదరంగు సూటు వేసుకున్న ఒకతను తలవంచి పలకరించి లిఫ్ట్ వైపు వెళ్లాడు. జపనీస్ భాషలో వంక లేదు, మర్యాదలో లోటు లేదు. చేతిలో సైక్లమెన్ పూలమొక్క కుండీ, దానికి రిబ్బను.

వెనకే నల్లకళ్లద్దాల సయొకో వచ్చి కర్బూజా నొక్కి చూసింది. "ఏమయ్యా పళ్లాయనా, అమ్మడం మానేసి జనాన్ని చూస్తున్నావేం?"

ఉసామికి ఆ కుండీ గుర్తొచ్చింది. జపాన్‌లో రోగికి వేళ్లున్న మొక్క ఎవరు తెస్తారు? జబ్బు వేళ్లూనుకోమని దీవించినట్టే! ఆ పరాయివాడికి అది తెలియదు. కోబెలో పుట్టిన సయొకోకు తెలియకపోదు. తనకు గుర్తు తెలియాలని, కావాలనే కుండీ ఎంచింది. అంటే మన సయొకోనే.

ఉసామి మెట్లమీదుగా పైకి పరుగెత్తాడు. సూటువాడి చెయ్యి రక్తం సీసాల ఫ్రిజ్ తలుపు మీద పడేసరికి స్ప్రేయర్ బుస్సుమంది. మనిషి కూలాడు. కుండీ పగిలింది. మట్టిలోంచి సీసాలు దొర్లాయి.

సాయంత్రం అసలు ఫలితం వచ్చింది.

"ఎలుకల్లో పెరిగిన దాఖలాలు ఉన్నాయట," అన్నాడు కుజె. "మనుషుల్లో మాత్రం అవునూ కాదు, కాదూ కాదు."

దీనికోసమా ఇన్ని పాట్లు! ఉసామి బరువుగా అక్క పక్కన కూర్చున్నాడు.

"పెరుగుతుందటరా?"

"తెలీదక్కా. ఎవరికీ తెలీదు."

తొమీ తమ్ముడి వైపు తిరిగింది. "ఇన్నాళ్లకి ఒక్కడు నిజం చెప్పాడు. నొప్పి సంగతి నాకు బాగా తెలుసురా. నర్సును పిలువు, మార్ఫిన్ ఇమ్మను."

మందు ఎక్కాక ఆమె పిడికిళ్లు సడలాయి. నిద్రపోయింది.

చివరికి మిగిలినవి: తేలని నిజం ఒకటి, అక్కకు ఒక నిద్ర. ఆ సైక్లమెన్‌ను ఉసామి కొట్టు వెనక పాతాడు. అదైనా హాయిగా వేళ్లూనుకోనీ అని.