బావ గదిలో పెనుగులాట

కాస్త దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే సంగతి కాదిది.

మా బావ మాజీ సైనికుడు. మనసు వెన్న. నిద్రలో మాత్రం పళ్ళు పటపట కొరుకుతూ, ఎవరి పీకో నులుముతున్నట్టు పెనుగులాడేవాడు. పెళ్ళైన కొత్తలో అక్క భుజం తట్టి లేపబోతే ఆమె మణికట్టు పుటుక్కుమంది. మెలకువొచ్చాక ఆ చెయ్యి పట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. అప్పట్నుంచీ ఎవరమైనా గుమ్మంలో మా పేరు చెప్పాకే ఆయన గదిలో అడుగు పెట్టేవాళ్ళం.

ఆయన పోయాక ఓ సాయంత్రం అక్కా నేనూ హాల్లో కూర్చుని ఆయన్ని తలుచుకుంటున్నాం.

"పిల్లి కూడా మ్యావ్ అన్నాకే లోపలికెళ్ళేదిరా!" అక్క నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఉండు, ఆయన పతకాలు తెస్తాను."

"పేరు చెప్పి వెళ్ళక్కా," వేళాకోళమాడాను.

"ఇంకెవరున్నారని చెప్పాలిరా?"

వెళ్ళింది. తర్వాత... బీరువాకి తల మోదిన చప్పుడు. మళ్ళీ... మళ్ళీ...

పరుగెత్తాను. గది నిండా బురద వాసన, పచ్చి నెత్తురు వాసన. అక్క వీపు గోడకి అతుక్కుంది. కాళ్ళు నేలకి ఆనడం లేదు. నుదుటి నుంచి నెత్తురు. గొంతు లోపలికి నొక్కుకుపోతోంది... ఎదురుగా ఎవరూ లేరు.

"బావా! వదులు! మా అక్క అది!"

వదల్లేదు. దేవుడా అంటూ ఆమె నడుం పట్టి లాగాను. ఛాతీ మీద ఒక్క తన్ను. నా పక్కటెముక విరగడం నాకే వినిపించింది.

అప్పుడు... నా వెనక మంచం కిర్రుమంది. ఎవరో లేచారు. నన్ను దాటుకుని దూకారు. పళ్ళు పటపట కొరికిన శబ్దం!

అక్క దబ్బున కింద పడింది. ఆమెను బయటికి ఈడ్చుకొచ్చి గడియ పెట్టాను.

"నన్ను పట్టుకుంది ఆయన కాదురా..." గొణిగింది అక్క. "విడిపించింది ఆయన."

వెలుతురులో మెడ చూశాను. కమిలిన వేలిగుర్తుల్లో చిటికెన వేలు లేదు. బావకి అన్ని వేళ్ళూ ఉండేవి.

యుద్ధంలో, బురదలో తన చేతుల్లో చచ్చిన శత్రువుకి చిటికెన వేలు లేదని బావ ఎప్పుడో అక్కతో అన్నాడట. ఇన్నేళ్ళూ ఆయన నిద్రలో పోరాడింది వాడితోనే. చచ్చినా ఆ పోరు ఆగలేదు. రోజూ సందెవేళ ఆ తలుపు అదిరిపోయేది. ఇవతల మేమిద్దరం ఆయన గెలవాలని భగవంతుణ్ణి వేడుకునేవాళ్ళం.

నిన్న తలుపు అదరలేదు. పళ్ళు కొరికే శబ్దమూ రాలేదు.

"గెలిచారంటావా?" అక్క గుసగుసలాడింది.

నేను నోరు విప్పేలోపే తలుపు కింద నుంచి సన్నగా నెత్తురు పారుతూ వచ్చింది. ముట్టుకున్నాను.

వెచ్చగా ఉంది.