ముప్పై ఒకటో నంబరు మొండిఘటం

ఆ రోజు వానకు వేళాపాళా లేదు. ఐస్‌పెట్టెకు రెయిన్‌కోటు తొడిగి, తాను మాత్రం నిలువునా తడిసి వచ్చిన కోఆర్డినేటర్ని చూసి ల్యాబు అమ్మాయి జాలిపడాలి కదా! పడలేదు. గోడ గడియారం చూసింది, రిజిస్టరు తెరిచింది, ఎర్ర పెన్ను మూత తీసింది.

"నలభై మూడు నిమిషాలు."

"వాన అండీ!"

"రిజిస్టరులో వానకు కాలమ్ లేదండీ."

"లిఫ్టు కూడా పాడైంది. ఐదంతస్తులు దిగి, రోడ్డు దాటి, మళ్ళీ మూడంతస్తులు ఎక్కానండీ."

"మెట్లకూ లేదు."

'ఆలస్యం' అని ఎర్రగా రాసి, సంతకం కోసం రిజిస్టరు అతని వైపు తిప్పింది. సంతకం పెడుతుంటే అతని జుట్టులోంచి ఒక చుక్క సరిగ్గా ఆ మాట మీదే పడి సిరా అలుక్కుపోయింది.

"చూశారా, ఆకాశం కూడా ఒప్పుకోవట్లేదు" అన్నాడు. "మా అమ్మా మీలాంటిదే. గడియారం చూసి గానీ అన్నం పెట్టదు."

అమ్మాయికి నవ్వొచ్చింది. మాస్కు కనిపెట్టిన పుణ్యాత్ముడెవరో గానీ, మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

ఎదుటి ఆస్పత్రి థియేటర్లో తీసిన గడ్డ ముక్కను మంచులో పెట్టి ఈ ల్యాబుకు చేర్చడం అతని పని. అండాశయంలోనో, గర్భాశయం లోపొరలోనో, దాని ముఖద్వారం దగ్గరో పుట్టిన క్యాన్సర్లవి. ఆ ముక్కను సన్నగా తరిగి, జెల్లీ చుక్కల్లో పొదిగి, వెచ్చటి ఇంక్యుబేటర్లో ఆవగింజకన్నా చిన్న ఉండలుగా పెంచడం ఆమె పని. పెరిగాక వాటి మీద రకరకాల మందులు పోసి, ఏ గడ్డ ఏ మందుకు లొంగుతుందో చూస్తుంది. ప్లేటులో లొంగింది ఒంట్లోనూ లొంగుతుందన్న పూచీ ఎవరూ ఇవ్వరు. కాకపోతే ప్లేటులోనే లొంగనిదాని మీద ఆశ పెట్టుకోవడం ఇంకా కష్టం. కోసిన ముక్క నలభై నిమిషాలు దాటి వస్తే కణాలు నీరసిస్తాయి. ఆ ఎర్ర పెన్ను అందుకు.

డబ్బా మీద నంబరే తప్ప పేరుండదు. "ఎవరిదో తెలిస్తే కన్ను ఆశపడుతుంది. లేనిది కూడా చూస్తుంది" అంటుంది ల్యాబు నడిపే పెద్దమేడమ్. తెలిసినవాళ్ళదని అనుమానం వచ్చినా సరే, ఆ నంబరు నుంచి తప్పుకోవాలి.

పేరు లేకపోతే మనిషికి తోచదు కదా. అందుకని నంబర్లకు అమ్మాయే పేర్లు పెట్టింది. ఎంతకీ పెరగని ఇరవై రెండు, నిద్రమొహం. చోటు దొరికిన చోటల్లా చాపేసుకునే ఇరవై ఏడు, చుట్టాలపక్షి. అతను వాటి యోగక్షేమాలు అడిగేవాడు. ఆమె చెప్పేది. ఎనిమిది నెలలు రిజిస్టరు ఎర్రబడుతూనే ఉంది. ఎందుకో మరి, ఎర్రబడిన రోజున ఆమెకు పెద్దగా కోపం వచ్చేది కాదు.

ఒక పొద్దున అతను ఇరవై రెండు నిమిషాల్లోనే వచ్చేశాడు.

"ఏంటండీ, సూర్యుడు పడమట గానీ పొడిచాడా?"

అతను నవ్వలేదు. "ముప్పై ఒకటి. జాగ్రత్తగా చూడండి."

"నేనెప్పుడు అజాగ్రత్తగా చూశాను?"

అతని సంతకం గడి దాటి పక్క గడిలోకి పోయింది. ఆ తర్వాత వారం రోజులు ఐస్‌పెట్టెను ఇంకెవరో తెచ్చారు. ఇంట్లో పనిబడి సెలవు పెట్టాడట.

మూడు వారాలకు ముప్పై ఒకటి బాగానే పెరిగింది. నాలుగు మందులు విడివిడిగా పోసి చూస్తే, నాలుగింటినీ లెక్కచెయ్యలేదు. అతను మళ్ళీ పెట్టె తెచ్చినప్పుడు మామూలుగానే చెప్పింది.

"మీ ముప్పై ఒకటి ఉంది చూశారూ, మొండిఘటం! నాలుగూ తాగేసి, ఇంకేమైనా ఉందా అంటోంది."

అతని చేతిలోంచి పెట్టె మూత జారి కిందపడింది.

"ఆ పేరు మార్చండి."

"ఏం, కణాలకు కోపమొస్తుందా?"

"నాకొస్తుంది" అని మూత తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆరోజు నుంచి పెట్టె పెట్టడం, సంతకం చెయ్యడం, పోవడం. చుట్టాలపక్షిని కూడా అడగలేదు. సరే, మనకేం, మన పని మనది అనుకుంది అమ్మాయి. రోజుకు పదిసార్లు అనుకుంది. అన్నిసార్లు అనుకోవాల్సి వచ్చిందంటేనే మనకేమో ఉందన్నమాట గానీ, అంతదూరం ఆలోచించడానికి తీరిక లేదు.

ఎందుకంటే గురువారం పదకొండింటికి డాక్టర్ల బోర్డు కూర్చుంటుంది. ముప్పై ఒకటికి ఇకముందు ఏ మందివ్వాలో తేల్చేది అక్కడే. మిగిలిన ఉండలు ఒక్క ప్లేటుకే సరిపోయాయి. రెండు కొత్త మందులను జంటగా కలిపి సోమవారం పోసింది. గురువారం పొద్దున ఆ ప్లేటును మెషిన్‌లో పెట్టి చూడాలి. బతికున్న కణాలు మెరుస్తాయి, చచ్చినవి మెరవవు. ఇదీ తప్పితే, ముప్పై ఒకటి విషయంలో ల్యాబు చేతులెత్తేసినట్టే.

గురువారం తొమ్మిదిన్నరకు, రిపోర్టులో ముక్క వచ్చిన టైము ఎక్కించడానికి రిజిస్టరు తిరగేసింది. నలభై ఆరు, నలభై ఒకటి, నలభై మూడు. ఎర్రటి వరసల మధ్య ఒక్కటే నీలం. ఇరవై రెండు నిమిషాలు.

ఆమె వేలు అక్కడే ఆగింది. ఏ గడ్డ కోసమూ అంత పరిగెత్తని మనిషి దీనికోసం పరిగెత్తాడు. ఆ వెంటనే వారం సెలవు. జాగ్రత్తగా చూడండి. నాకొస్తుంది.

గడియారం చూసి అన్నం పెట్టే అమ్మ.

ప్లేటు చేతికందే దూరంలోనే ఉంది. ఆమెకు తెలిసిందన్న సంగతి ఎవరికీ తెలియదు. తెలిసినట్టు చెబితే మొత్తం ప్లేటే చెల్లదనొచ్చు. చెప్పకపోతే, ఈ కళ్ళతో చూసినదాన్ని రేపు తానే నమ్మలేదు.

పెద్దమేడమ్ గది తలుపు తట్టింది.

"మేడమ్, ముప్పై ఒకటి నేను చూడకూడదు. ఎవరిదో తెలిసిపోయింది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. రిజిస్టరు చెప్పింది."

"ఎప్పుడు? మందులు పొయ్యకముందా?" పెద్దమేడమ్ కళ్ళజోడు తీసేసింది. "ఆలోచించి చెప్పు అమ్మాయ్. ముందే తెలిసుంటే ప్లేటు చెత్తబుట్టలోకి పోతుంది."

"ఇప్పుడే మేడమ్. పది నిమిషాలు కూడా కాలేదు."

"మీ బంధువా?"

"కాదు."

"మరి?"

మరేమిటో అమ్మాయి నోటికి రాలేదు. "సరే, అర్థమైంది" అని లేచింది పెద్దమేడమ్. అమ్మాయికే ఇంకా కాలేదు.

మెషిన్ గది అద్దం తలుపు మూసుకుంది. ఇవతల వరండాలో అమ్మాయి ఒక్కతే. పది దాటింది. మెట్లమీద అడుగుల చప్పుడు, ఐస్‌పెట్టె పట్టుకుని అతను. లోపల పెద్దమేడమ్‌ను చూశాడు, బయట ఈమెను చూశాడు.

"మీకెలా తెలిసింది? నేను చెప్పలేదే!"

"ఇరవై రెండు నిమిషాలు" అంది.

అతను పెట్టె కింద పెట్టి గోడకు ఆనుకున్నాడు. "చెబితే మీరు తప్పుకోవాలి. ఇంకొకరు మొదటినుంచీ మొదలుపెట్టాలంటే ఇంకో ముక్క కోసం అమ్మను మళ్ళీ కోయాలి."

"అందుకా మూతి ముడుచుకున్నారు?"

"మాట్లాడితే నోరుజారతానని భయం. ఎవరి ముందైనా ఆగుతుంది నా నోరు. మీ ముందే ఆగదు."

"మొండిఘటం అన్నాను" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి మాస్కు పనికిరాలేదు.

"అన్నారు. అమ్మను చూసినట్టే అన్నారు. అమ్మలాగే ఆ గడ్డా మొండిదేమోనని నా భయం."

గడియారం ముల్లు కదలడం లేదు. ఇన్నాళ్ళూ దాన్ని అడ్డం పెట్టుకుని ఇతన్ని ఏడిపించినందుకు అదిప్పుడు కసి తీర్చుకుంటోంది కాబోలు.

తలుపు తెరుచుకుంది. పెద్దమేడమ్ చేతిలో అంటించిన కవరు. "బోర్డుకు వెళ్తున్నాను. వాళ్ళు చెప్పేదాకా ఇక్కడ ఎవరూ ఏమీ అడగొద్దు, నేను చెప్పను" అంది. నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది.

"అమ్మాయ్, దానికేదో పేరు పెట్టావుగా?"

"మొండిఘటం అని, మేడమ్..."

"ఇంకోటి వెతుక్కో. అది ఇక చెల్లదు."

ఆమె మెట్లు దిగిపోయింది. అతను గోడ పొడవునా జారి నేలమీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. అమ్మాయి పక్కనే కూర్చుంది. అప్పుడు కంటపడింది, అతను కింద పెట్టిన ఐస్‌పెట్టె.

"అయ్యో, పెట్టె!" అంది.

"టైమెంతైంది?"

"ముప్పై తొమ్మిది. లేవండి, ఇంకా ఒక్క నిమిషముంది."

బోర్డు ఆ మందుల జంటనే ఖాయం చేసింది. ఏడు నెలల తర్వాత ఒక ఉదయం, తలకు స్కార్ఫు చుట్టుకున్న ఒకావిడ కొడుకు చెయ్యి విదిలించుకుని, ఆ మూడంతస్తులూ ఆగి ఆగి ఎక్కి వచ్చింది. స్కానింగులో గడ్డలు బాగా కరిగాయి. పూర్తిగా పోయాయని ఏ డాక్టరూ అనలేదు. మూడు నెలలకోసారి రమ్మన్నారు.

"నన్ను మొండిఘటమన్నది నువ్వేనా అమ్మాయ్?"

భూమి చీలితే బాగుండుననిపించింది అమ్మాయికి. మూడో అంతస్తులో ఆ సౌకర్యం లేదు.

"అమ్మా!" అన్నాడతను.

"నువ్వుండరా. మీ నాన్న ఉన్నన్నాళ్ళూ ఆ మాటే అనేవారు. ఈ పిల్ల నా మొహం చూడకుండానే కనిపెట్టింది." ఆవిడ బల్ల పట్టుకుని ఊపిరి తీసుకుంది. "నెల్లాళ్ళు నన్ను సాకావటగా. వీడు నాకన్నా తేలికమ్మా. వేళకు రాడు, అదొక్కటే."

"అది నేనే చెబుదామనుకున్నానమ్మా" అన్నాడతను, చెవులు ఎర్రబడగా.

"ఎప్పుడనుకున్నారు?" అంది అమ్మాయి.

"ఆ వానరోజే."

అమ్మాయి గోడ గడియారం చూసింది. అది చాలక, క్యాలెండరు చూసింది. ఎర్ర పెన్ను మూత తీసింది. రిజిస్టరు ఆఫీసుది కాబట్టి అతని చెయ్యి లాక్కుని, అరచేతిలో రాసింది: 'ఆలస్యం'.

"సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.

పెన్ను ఇవ్వలేదు. చెయ్యీ వదల్లేదు.

"నేను నెమ్మదిగా దిగుతుంటాను" అని, వాళ్ళమ్మ మెట్లవైపు తిరిగింది. "తొందరేం లేదురా. ఇవాళ అన్నం ఆలస్యమైనా పర్లేదు."