చల్లారని ఎరువుగుంట

సాయంత్రం ఆరు దాటింది. మబ్బు కమ్మి ఉంది. గాలి లేదు, వాన ఇంకా మొదలవలేదు.

వాన పడేలోపు ఎరువు చల్లేయాలని ఆమె భర్త, మరిది పొద్దుటినుంచీ చేలోనే ఉన్నారు. చేను పక్కనే పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీ. అది మూతపడి ఏళ్ళయినా, అది వదిలిన సీసం నేలను వదల్లేదు. బాగా మాగిన ఎరువు వేస్తే సీసం మట్టికే అతుక్కుని పంటలోకి ఎక్కడం తగ్గుతుందని మట్టి పరీక్ష చేసినాయన చెప్పాడు. "ఈ చేలో గడ్డి మేసిన గొడ్లది మాత్రం వద్దు. పోయిన విషాన్ని పిలిచి పీట వేసినట్టే" అన్నాడు.

ఆ గడ్డి మేసింది ఒక్క గేదే. పోయిన వేసవిలో చచ్చిపోయింది. చూపు పోయి, గోడకు నుదురు ఆనించి, పళ్ళు నూరుతూ నూరుతూ పోయింది. ఆమె కూతురు చిట్టి దాన్ని నల్లమ్మా అని పిలిచేది. ఆ పిల్ల రక్తంలోనూ సీసం ఉందని, ఇక చిటికెడు మట్టి కూడా నోట్లోకి పోకూడదని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి తల్లి కూతుర్ని చేను గట్టు తొక్కనివ్వలేదు.

ఇవాళ కూడా చిట్టిని లోపల కూర్చోబెట్టి, బయట గడియ పెట్టి చేలోకి వెళ్ళింది.

మరిది గంప ఎత్తుకుంటూ మూలిగాడు. "ఏంటొదినా ఈ బరువు? మాగిన ఎరువు పొడిపొడిగా తేలిగ్గా ఉండాలి కదా."

"మీ అన్నయ్య కబుర్లు కూడా అందులో పోశావేమో."

"అన్నయ్య కబుర్లైతే ఎప్పుడో గాలికి పోయేవి."

భర్త నవ్వలేదు. ఎరువుగుంటలోంచి ఆవిరి లేస్తోంది. మాగిన ఎరువు చల్లగా ఉండాలి. ఆమె వంగి చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది... జ్వరం తగిలిన ఒంటిలా. వాసన కూడా పేడది కాదు. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో బట్టలకు పట్టే మాడు వాసన.

"గేదెను ఎక్కడ పూడ్చారు?"

"చెప్పాగా. గట్టు దగ్గర."

"నా మొహం చూసి చెప్పండి."

అతను గొంతు తగ్గించాడు. "ఎండలకి నేల రాయైపోయింది. గడ్డపార దిగలేదు. ఇక్కడైతే మెత్తగా ఉందని..."

కొని తెచ్చిన ఎరువంతా దాని మీదే పోసి మాగబెట్టారు.

మరిది గంప దించేశాడు. అప్పుడు వినిపించింది. కర్... కర్... రాయి మీద రాయి రాస్తున్నట్టు.

"అన్నయ్యా, పారతో గీకుతున్నావా?"

"పార నీ దగ్గరే ఉందిరా."

చీకటి పడింది. గుంట ఆ చివర ఎవరో నిలబడి ఉన్నారు. మోకాళ్ళ దాకా ఎరువులో.

చిట్టి.

"అమ్మా," గుసగుసగా అంది. "నల్లమ్మకి ఇప్పుడు కనిపిస్తోందట."

తల్లి గుంటలోకి దిగింది. పిల్లను పట్టి లాగింది. ఎరువు వదల్లేదు. మళ్ళీ లాగింది... వదిలింది.

"నోట్లో పెట్టుకున్నావా? ఏదీ, తెరువు."

పిల్ల పెదవులు బిగించింది.

ముగ్గురూ పిల్లను ఎత్తుకుని పరుగెత్తారు. ఇంటి తలుపుకు గడియ... ఆమె బయటినుంచి పెట్టినట్టే ఉంది.

సబ్బుతో పిల్ల చేతులు తోమింది. నలుపు పోయింది. గోళ్ళ కింద బూడిదరంగు మెరుపు పోలేదు. నోరు మాత్రం తెరిపించలేకపోయింది.

వాన మొదలైంది. తలుపేసి అందర్నీ లెక్కపెట్టుకుంది. భర్త తలుపు దగ్గర. మరిది మంచం మీద, చెప్పులైనా విప్పకుండా. చిట్టి చాప మీద. అందరూ వచ్చారు.

వెనక గోడకు బయటినుంచి ఏదో ఆనింది. కర్... కర్... గేదె తలంత ఎత్తులో.

కాసేపటికి ఆగింది. ఆమె ఊపిరి వదిలి, చెమట తుడుచుకోవడానికి కొంగు అందుకుంది.

మళ్ళీ మొదలైంది. ఈసారి గోడకి ఇవతల.

చాప ఖాళీగా ఉంది. చిట్టి గోడకు నుదురు ఆనించి నిలబడి ఉంది.

ఆమె మొదటినుంచి మళ్ళీ లెక్కపెట్టింది. భర్త వచ్చాడు. మరిది వచ్చాడు.

మూడో వేలు మడవలేదు.