ఎర్రన్న చేతి తోరం

"ఆ చేతికి ఏమిటయ్యా అది?"

లేతు మిషను మీద చెయ్యి వేయబోతున్న ఎర్రన్న, జగన్నాధం మాస్టారి గొంతుకి ఆగిపోయాడు.

"తోరం, మాస్టారూ. గంగమ్మ తోరం."

"ఎవరిదైనా సరే, తీసెయ్. కడ్డీని పట్టి తిప్పే చక్‌కి అది చిక్కిందంటే తోరంతో పాటు చెయ్యీ పోతుంది. ఉంగరం వద్దు, దారం వద్దు అని రెండేళ్ళబట్టి మొత్తుకుంటున్నానా లేదా?"

"కట్టినోల్లే ఇప్పాల, మాస్టారూ. నాను తెంపకూడదు."

"అయితే పోయి ఆ కట్టినవాళ్ళని వెతుక్కో. భోజనాలయ్యాక నీ పేరు పిలుస్తాను. పలక్కపోతే ఈ ఏటికి నీ పరీక్ష పోయినట్టే."

మాస్టారు మంచివారే. వేలు పోగొట్టుకున్న కుర్రాణ్ణి ఒకణ్ణి ఆయన చూశారు. అందుకే ఎర్రన్న ఎదురు చెప్పకుండా బయటికి నడిచాడు. బయట చినుకులు మొదలయ్యాయి.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. ఎర్రన్న విజయనగరం ఐ.టి.ఐ.లో లేతు మీద ఇనుము చెక్కే టర్నరు ట్రేడు చదువుతున్నాడు. వాళ్ళది భోగాపురం అవతల సముద్రపు ఒడ్డు పల్లె. చేపల వేట మొదలయ్యేముందు అక్కడ గంగమ్మకి పూజ చేసి, మగవాళ్ళ చేతికి పసుపు తోరం కడతారు. కట్టేది తల్లి, లేదా పెళ్ళాం. పడవ తిరిగొచ్చాక కట్టినామె "వచ్చీసేవా?" అని అడగాలి. అతను "వచ్చీసేను" అనాలి. అప్పుడు ఆమే విప్పాలి. అంతవరకూ తోరం చేతిమీద ఉండాల్సిందే.

తల్లి లేని ఎర్రన్నకి ఏటా తల్లి బదులు మేనత్త వరస తవిటమ్మ కట్టేది. నిన్న మాత్రం తవిటమ్మ కూతురు లక్ష్మణమ్మ తోరం పట్టుకుని వచ్చింది. "అమ్మ సేతుల నిండా ఉప్పు, బావా. నన్ను కట్టీమంది. పరీచ్చకి మాత్రం ఎల్లి రావద్దేటి?" అంది. ఎర్రన్న నమ్మేశాడు. ఇనుములో వెంట్రుకవాసి తేడా వస్తే పట్టేసే కుర్రాడికి, ముడి వేస్తున్నప్పుడు ఆ పిల్ల తల ఎందుకు దించుకుందో మాత్రం తట్టలేదు. ఏం చదువో!

తల్లీ కూతుళ్ళు ఆ వేళ విజయనగరంలోనే ఎండుచేపలు అమ్ముతున్నారు. ఎర్రన్న వానలో పరుగెత్తి బజారుకి చేరాడు.

"పరీచ్చ అయిపోనాదేటి బావా?" లక్ష్మణమ్మ కళ్ళు మెరిశాయి.

"కానేదు. ముందు ఇది ఇప్పీ."

"ఇప్పను. నువ్వింకా ఎల్లనే నేదు, వచ్చీసేవని ఎలా ఇప్పమంటావు?"

"ఇది ఉంటే మాస్టారు మిసను ముట్టుకోనివ్వరే!"

"మీ మిసనుని నా తోరం ఏటి సేసిందట?"

"మిసనే తోరాన్ని పట్టీసుకుంటాది. సెయ్యి లాగేస్తాది."

లక్ష్మణమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మ! అలాటిదాని కాడికా నువ్వు రోజూ ఎల్తన్నావు? దీనికన్నా సముద్రమే నయం."

"ఎల్లకాలం ఇలాగే ఉండదులే. సీమదేశంలో కొత్త మిసన్లు వచ్చినాయట. సిల్లుల కాగితం పెడితే, ఆ సిల్లుల లెక్కన మిసనే ఇనుము కోసుకుపోతాదట. మాస్టారు బొమ్మ సూపించేరు."

"మరింక నువ్వెందుకు?"

"సిల్లు ఎక్కడ పొడవాలో కాగితానికి తెలుస్తాదేటే? లేతు తెలిసినోడే సెప్పాల. నాను ఎప్పటికైనా అది నేర్సుకోవాల. ముందు ఈ పరీచ్చ గట్టెక్కాల. ఇప్పీయే, నువ్వే కదా కట్టినావు!"

బేరంలో మునిగి ఉన్న తవిటమ్మ చేతిలో తక్కెడ ఆగింది.

"ఎవులు కట్టినారూ?"

"లచ్చనమ్మే, అత్తా. నువ్వే కట్టమన్నావట గదా?"

"నానా? నానెప్పుడు కట్టమన్నాను? నాను వచ్చీసరికే నీ సేతికి ఉన్నాది. మీ పక్కింటి గురమ్మ ముసిల్ది కట్టిందనుకున్నాను."

లక్ష్మణమ్మ బుట్టలోకి వంగి ఏదో వెతకడం మొదలుపెట్టింది.

"ఒసే, ఇటు సూడు. ఆడికి తల్లివేటే నువ్వు?"

లక్ష్మణమ్మ సర్దిన చేపల్నే మళ్ళీ సర్దింది.

"తల్లివి కానప్పుడు మరేటవుతావే?"

లక్ష్మణమ్మ తల ఎత్తలేదు. చెవులు మాత్రం కందిపోయాయి. అప్పటికి అర్థమైంది మన టర్నరుకి. ఒళ్ళంతా సంతోషం పొంగింది. ఇన్నాళ్ళూ ఈ పిల్ల వేళాకోళాల కోసమే తను ప్రతి శనివారం పల్లెకి పరుగెడుతున్నాడని కూడా అప్పుడే తెలిసింది.

"ఇంక నానిది ఇప్పించుకోను అత్తా. పరీచ్చ పోతే పోనీ."

"పోనీ ఏటి, పోనీ?" లక్ష్మణమ్మ దిగ్గున లేచింది. "రెండేళ్ళు సేతులు కాల్సుకుని నేర్సుకున్నావు! నడు, నానూ వస్తాను."

ఐ.టి.ఐ. గేటు దగ్గరికి చేరేసరికి లోపల మాస్టారు పేర్లు పిలుస్తున్నారు. లక్ష్మణమ్మ గబగబా ముడి విప్పి, తోరం అతని చేతిలో పెట్టి, తన చెయ్యి చాపింది.

"నాకు కట్టీ. నువ్వొచ్చీదాకా నీ బదులు నాను మోస్తాను."

మగవాడు ఆడదానికి తోరం కట్టడం వాళ్ళ పల్లెలో ఎవరూ ఎరగరు. ఎర్రన్న కట్టాడు. ఈసారి తల దించుకున్నది అతను.

"గట్టిగా కట్టు బావా, జారిపోతాది," అంది ఆ పిల్ల, ఎటో చూస్తూ.

"ఎర్రన్నా!" లోపలినుంచి మాస్టారి కేక.

ఎర్రన్న ఉత్త చేతులతో లేతు ముందు నిలబడ్డాడు. కోత వేడెక్కకుండా సబ్బునీళ్ళు కారుతుంటే ఇనుము చుట్టలు చుట్టలుగా లేచింది. వాన సంగతి మరిచాడు గానీ గేటు సంగతి మరవలేదు. తొందరపడి చెయ్యి కోసుకుంటే ఆ పిల్ల మొహం ఎలా చూడాలి? అందుకని ఎప్పటికంటే నిదానంగా చేశాడు. మాస్టారు కడ్డీని మైక్రోమీటరుతో ఆ చివరా ఈ చివరా కొలిచి, "పాసయ్యావు, పో. గేటు దగ్గర నీకోసం ఎవరో తడుస్తున్నారు," అన్నారు.

లక్ష్మణమ్మ ఖాళీ బుట్ట నెత్తిన బోర్లించుకుని నిలబడి ఉంది. వెనక అమ్మకం ముగించుకుని వచ్చిన తవిటమ్మ, నడుం మీద చెయ్యి వేసుకుని.

"వచ్చీసేవా?"

"వచ్చీసేను."

ఆ పిల్ల ఊపిరి పీల్చుకుని చెయ్యి చాపింది. "మరి ఇప్పీ. కట్టినోల్లే ఇప్పాల."

ఎర్రన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు. అతని వేళ్ళ నూనె మరకలు ఆమె మణికట్టుకి అంటుకున్నాయి. ముడి మాత్రం ముట్టుకోలేదు.

"ఇప్పను."

"అదేటి బావా!"

"నాను వచ్చీసేను గానీ, నువ్వు మా ఇంటికి ఇంకా రానేదు కదే. వచ్చిన రోజున నానే అడుగుతాను. అప్పుడు ఇప్పుతాను."

లక్ష్మణమ్మ భయంగా తల్లి వైపు చూసింది. తవిటమ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసి, కూతురి నెత్తి మీది బుట్ట తీసి చంకన పెట్టుకుంది. తన కొంగు తీసి ఆ పిల్ల చేతికి కప్పింది.

"నడండి, బస్సెల్లిపోతాది. ఒసే, మీ అయ్యకి నాను సెప్తాను గానీ, ఆ తోరం తడవనీకు."