రెండో రైస్ బ్యాగ్

"అమ్మా, అటు చూడు! దిస్ ఈజ్ నాట్ ఫెయిర్!"

దేదీప్య గొంతు ఇండియన్ స్టోరంతా వినిపించింది. అమ్మ కంగారుగా చుట్టూ చూసి, "ష్, నెమ్మదిగా" అంది.

కానీ దేదీప్యకు ఒళ్ళు మండిపోతోంది.

ముందురోజే గల్ఫ్ వైపు యుద్ధం మొదలైంది. ఇక ఓడలు రావట, బియ్యం దొరకవట అంటూ అమెరికాలోని నోవై ఊళ్ళో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు హోరెత్తిపోయింది. స్కూల్ అవగానే అమ్మ దేదీప్యను తీసుకుని స్టోర్‌కి వచ్చింది. లోపల పప్పుల అరలు ఖాళీ. నూనెల అరలు ఖాళీ. బియ్యం దగ్గర మాత్రం పెద్ద అక్షరాలతో కాగితం అంటించారు: ఇంటికి ఒక్క బ్యాగ్ మాత్రమే.

అమ్మ ఒక్కటే తీసుకుంది. లైన్లో వాళ్ళ ముందు మీనాక్షి ఆంటీ కూడా ఒక బ్యాగ్‌తో నిలబడి ఉంది. రిటైరైన డాక్టర్, ఆదివారం తెలుగు క్లాస్ చెప్పేది ఆవిడే. అయితే పక్క కౌంటర్ దగ్గర, ఏమీ ఎరగనట్టు ఇంకో బ్యాగ్‌తో నిలబడ్డది ఎవరు? సూర్యప్రకాశ్ అంకుల్. ఆవిడ భర్త!

"వాళ్ళిద్దరిదీ ఒకే ఇల్లు!" దేదీప్య వేలు చూపించి మరీ అరిచింది. "ఆంటీ, మీరు చీట్ చేస్తున్నారు!"

అందరూ తిరిగి చూశారు. ఎవరో ఫొటో కూడా తీశారు. "ఇంత పెద్దవాళ్ళే ఇలా చేస్తే ఎలాగండీ?" అన్నాడు ఒకాయన. బిల్లు వేసే అతను వచ్చి అంకుల్ కార్ట్‌లోంచి బ్యాగ్ తీసేశాడు.

ఆంటీ మొహం ఎర్రబడింది. ఏదో చెప్పబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి ఆగిపోయింది.

దేదీప్య పెద్ద ఘనకార్యం చేసినట్టు తల ఎత్తుకుని నిలబడింది.

బయట పార్కింగ్‌లో అమ్మ గబగబా ఆంటీ దగ్గరికి వెళ్ళింది. "సారీ ఆంటీ, పిల్ల తెలియక..."

"దానిదేం తప్పులే, శ్రుతీ. నేనే ముందు స్టోర్ వాళ్ళని అడగాల్సింది" అంది ఆంటీ. "ఆ రెండో బ్యాగ్ నిశాంత్‌కి. మా పై అపార్ట్‌మెంట్‌లో ఉండి ఎమ్మెస్ చదువుతున్నాడు. వాళ్ళ నాన్న గల్ఫ్‌లో డ్రైవర్. నిన్నటి నుంచి ఆయన ఫోన్ కలవడం లేదు. ఇతను సెల్ పట్టుకుని కూర్చున్నాడు. తిండీ లేదు, నిద్రా లేదు. బయటికి వెళ్దామన్నా కారు లేదు."

"మరి లోపల ఎందుకు చెప్పలేదు ఆంటీ?" దేదీప్య చిన్నగా అడిగింది.

"అతని బాధ అందరి ముందూ పెట్టి బియ్యం అడగమంటావా?"

ఆంటీ, అంకుల్ కారెక్కి వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చేసరికి గరాజ్ తలుపు తెరిచి ఉంది. నాన్న శ్రీరామ్ తన కార్‌లోంచి రైస్ బ్యాగ్ దింపుతున్నాడు. మూలన, చలికాలంలో మార్చే టైర్ల వెనకాల ఒక దుప్పటి ఎత్తుగా కనిపించింది. దేదీప్య వెళ్ళి లాగి చూసింది. దాని కింద ఇంకో నాలుగు బ్యాగులు!

"నాన్నా! ఇంటికి ఒకటే అన్నారు!"

"ఒక్కో స్టోర్‌లో ఒక్కటే కొన్నాను" అన్నాడు నాన్న నవ్వుతూ. "ఎక్కడా రూల్ తప్పలేదు. దీనికోసం గంటసేపు డ్రైవ్ చేశాను, తెలుసా?"

"ఒక్కో స్టోర్‌కి వెళ్తే ఒక్కో ఫ్యామిలీ అయిపోతామా మనం?"

"అది కాదురా. యుద్ధం వచ్చింది కదా, మన జాగ్రత్తలో మనం ఉండాలి."

"యుద్ధం నిశాంత్ వాళ్ళ నాన్న ఉన్నచోట వచ్చింది! మన గరాజ్‌లోకి కాదు!"

నాన్న నవ్వు ఆగిపోయింది. "నిశాంత్ ఎవరు?" అన్నాడు. అమ్మ స్టోర్‌లో జరిగిందంతా చెప్పింది. ఆయన తల గోక్కుని, "సరే, అతనికి ఒక బ్యాగ్ ఇచ్చేద్దాం. మిగతావి ఉన్నాయని ఎవరికీ చెప్పకండి. గ్రూపులో తెలిస్తే పరువు పోతుంది" అన్నాడు.

అప్పుడే అమ్మ ఫోన్ టింగుమంది. గ్రూపులో ఎవరో ఫొటో పెట్టారు. మీనాక్షి ఆంటీ తల వంచుకుని నిలబడి ఉంది. కింద, 'డాక్టర్లుగా రిటైరైనవాళ్ళ బుద్ధి కూడా ఇంతే' అని రాశారు. దాని కింద వరసగా నవ్వే బొమ్మలు.

దేదీప్యకు కోపంతో కళ్ళనీళ్ళు వచ్చాయి. ఎవరు పెట్టారిది? ఏం తెలుసని నవ్వుతున్నారు? మళ్ళీ ఫొటో వైపు చూసింది. ఓ అంచున, ఆంటీ వైపు చూపిస్తూ ఒక చిన్న వేలు ఉంది. పర్పుల్ నెయిల్ పాలిష్. తన వేలే.

"అమ్మా, ఫోన్ ఇవ్వు. గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతాను."

"ఆంటీకి సారీ చెప్పు చాలు. గరాజ్ సంగతి ఎత్తకు" అన్నాడు నాన్న.

"మన పరువు పోకూడదా నాన్నా? ఆంటీది పోయింది కదా. నేనే తీశాను."

అమ్మ ఫోన్ చేతికిచ్చింది. దేదీప్య బటన్ నొక్కింది.

"హాయ్, నేను దేదీప్య. ఆ ఫొటోలో వేలు నాది. నేను అడగకుండానే అరిచాను. ఆంటీ ఆ బ్యాగ్ వాళ్ళకోసం తీసుకోలేదు, బియ్యం అవసరమైన ఇంకొకళ్ళకోసం తీసుకున్నారు. ఎవరో చెప్పను, ఎవరూ అడగొద్దు. ఆంటీ, ఐ యామ్ సో సారీ. అందరి ముందూ అరిచాను కాబట్టి అందరి ముందూ చెప్తున్నాను. మా గరాజ్‌లో చాలా బ్యాగులు ఉన్నాయి. మాకు ఒకటి చాలు. రైస్ లేనివాళ్ళు వచ్చి తీసుకోండి. ఆ ఫొటో పెట్టినవాళ్ళు ప్లీజ్ తీసేయండి."

నాన్న రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. తర్వాత ఒక బ్యాగ్ భుజానికెత్తుకుని, "నువ్వూ రా" అన్నాడు. మిగతావి ఇవ్వడానికి అమ్మ ఇంట్లో ఉండిపోయింది.

నిశాంత్ అపార్ట్‌మెంట్ తలుపు తీసింది మీనాక్షి ఆంటీ. లోపల పొయ్యి పక్కన కుక్కర్ తీసి పెట్టి ఉంది. ఆవిడ తన బ్యాగ్‌లోంచి సగం బియ్యం అప్పటికే తెచ్చేసినట్టుంది. దేదీప్యను చూసి ఆవిడ పక్కకి జరిగి దారి ఇచ్చింది.

నిశాంత్ నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఫోన్ చార్జర్‌కి పెట్టి ఉన్నా చేతిలోనే ఉంది. "ఇంకా కలవలేదండీ" అన్నాడు నాన్నతో, అడగకుండానే. నాన్న బ్యాగ్ దించి అతని పక్కనే కింద కూర్చున్నాడు.

దేదీప్యకు అడగాలనిపించినవి చాలా ఉన్నాయి. ఏదీ అడగలేదు. వంటింట్లోకి వెళ్ళి ఆంటీ పక్కన నిలబడింది.

"బియ్యం నేను కడగనా ఆంటీ?"

ఆంటీ ఓ క్షణం ఆమె మొహంలోకి చూసింది. తర్వాత బియ్యం గిన్నె ఆమె చేతికిచ్చి, కుళాయి తిప్పింది.